మొదటిరోజు ఎన్ని కిలోలు?

ఏరా చిన్నా, జిమ్‌లో చేరావట. చెల్లెల్ని కూడా తీసుకెళ్తున్నావట, మంచి పని చేశావు. మొదటిరోజు ఎన్ని కిలోలు ఎత్తాలని కదా నీ ప్రశ్న? ఇంత వయసుకి ఇన్ని కిలోలని చెప్పే పట్టిక నా దగ్గర లేదు. ఎవరైనా చూపించినా నమ్మకు. ఒకే ఈడు వాళ్లలో ఒకడు రోజూ మూటలు మోస్తాడు, ఇంకొకడు పొద్దస్తమానం కుర్చీలోనే ఉంటాడు. ఇద్దరికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో విను. చేరిన కొద్ది వారాలకే బలం చకచకా పెరుగుతుంది. అద్దంలో చూసుకుంటే మాత్రం కండ ఎక్కడిదక్కడే! మరి ఆ బలం ఎక్కడిదంటావా? నరాలది. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం కింద కొన్ని కండర పోగులుంటాయి. తేలిక పనికి చిన్న జట్లు కదులుతాయి, బరువు పెరిగేకొద్దీ పెద్ద జట్లు వచ్చి కలుస్తాయి. వాటన్నిటినీ ఒక్కసారి రప్పించడం కొత్తవాడి నరాలకు ఇంకా అలవాటు కాలేదు. రథం మోకు పట్టుకున్న జనం ఒక్కొక్కరు ఒక్కోసారి లాగితే చక్రం కదలదు, ఒక్క కేకకు అందరూ లాగితే అదే జనంతో రథం దొర్లుతుంది. 1979లో మోరిటాని, డివ్రీస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కండరాల్లోని విద్యుత్ సంకేతాలు కొలిచి చూశారు. తొలి వారాల బలంలో పెద్ద వాటా నరాలదేనని, కండ వంతు తర్వాత వస్తుందని తేల్చారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. బలం వచ్చింది కదా అని ప్లేట్ల మీద ప్లేట్లు ఎక్కిస్తారు. కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయుబంధనాలకు రక్తం అందేది తక్కువ, అవి గట్టిపడేది నిదానంగా. కండ సరేనన్నా అవి ఒప్పుకోవు. మోచేతిలోనో భుజంలోనో నొప్పి మొదలవుతుంది.

మరి బరువు ఎలా కనిపెట్టాలి? ఖాళీ రాడ్‌తో మొదలుపెట్టు. అదే 20 కిలోలుంటుంది, ఆడవాళ్ల రాడ్ అయితే 15. చెల్లికి భుజాల మీదుగా పైకెత్తడానికి అదీ బరువే కావచ్చు, చిన్న డంబెల్స్ పట్టుకోమను. పదిసార్లు ఎత్తు. రెండు నిమిషాలు ఆగు. కొంచెం కలిపి మళ్లీ పది. ఎక్కడో ఒకచోట చివరి రెండు మూడు సార్లు చేయి దానంతటదే నెమ్మదిస్తుంది, వంగే తీరు మాత్రం చెడదు. ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపిస్తుంది. అక్కడ ఆగిపో. నీ బరువు అదే.

ఈ విద్యకు శాస్త్రం కుదిర్చినవాడు థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో షికాగో ఆసుపత్రిలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు తేలిక బరువులతో లెక్కలేనన్నిసార్లు వ్యాయామం చేయించడం మామూలు. ఈయన బరువును క్రమంగా పెంచుతూ పోయాడు, కాళ్లు తొందరగా కోలుకున్నాయి. పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలతగా పెట్టుకుని మొదటి సెట్ అందులో సగంతో, రెండోది ముప్పాతికతో, మూడోది పూర్తి బరువుతో చేయించే పద్ధతి ఆయన పేరుతోనే నిలిచింది.

పెంచేటప్పుడు ఒక మోసం ఉంది చూడు. 40 కిలోల రాడ్‌కి రెండువైపులా 1.25 కిలోల ప్లేట్లు వేస్తే పెరిగేది ఆరు శాతమే. చెల్లి 5 కిలోల డంబెల్ వదిలి 7.5 పట్టుకుంటే ఏకంగా యాభై శాతం! అందుకే డంబెల్ దగ్గర ముందు సార్లు పెంచాలి. పది పన్నెండై, పన్నెండు పదిహేనై, అప్పుడు బరువు.

రెండోరోజు మెట్లు దిగుతుంటే తొడలు పీకుతాయి. లాక్టిక్ ఆసిడ్ పేరుకుందని అక్కడివాళ్లు చెబుతారు, అది ఉత్తమాట. ఆ ఆసిడ్ గంటా రెండు గంటల్లోనే పోతుంది. బరువు దించేటప్పుడు పోగుల్లో పడ్డ సన్నటి చిరుగుల వల్ల వచ్చే నొప్పి అది, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. కీలులో పోటు పొడిస్తే మాత్రం ఆపేయాలి. బీపీ, హెర్నియా, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా రాడ్ ముట్టకూడదు.

పక్కవాడు ఎంత ఎత్తుతున్నాడో చూడకు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ఏ బరువు ఎన్నిసార్లు ఎత్తావో రాసుకో, చెల్లి చేతా రాయించు. నెల తిరిగాక ఆ పుస్తకం పట్టుకురా, తర్వాత ఎంత కలపాలో చెబుతా.