పప్పుపైర్లకు హాని చేయు ఆకుపచ్చ నల్లి

పట్టాదారులకును రయితులకును తెలియజేయునదేమనగా:

పెసర, మినుము, కంది, బొబ్బర పైర్ల కాయలు పైకి బాగుగా కన్పట్టినను, నూర్చిన పిమ్మట గింజలు ముడుతలు పడి తాలుగా నుండుట కలదు. ఇందుకు పలు కారణములుండవచ్చును. కాయ పట్టు కాలమున చేనిలో కంపుగొట్టు పచ్చని నల్లి కన్పట్టినచో దానిని ముందుగా అనుమానింపవలెను.

గుర్తులు. — ఈ నల్లి సుమారు అర అంగుళము పొడవుండి డాలు ఆకారముగా నుండును. వీపు నడుమనున్న ముక్కోణపు పెంకు ముందంచున మూడు చిన్న తెల్ల చుక్కలు వరుసగా నుండును. ముట్టిన యెడల దుర్గంధము విడుచును. ఇది ఆకులను కొరకదు. సూదివంటి ముక్కును లేతకాయలో గ్రుచ్చి గింజ రసమును పీల్చును. కావున ఆకులలో జాడ తెలియక, నష్టము నూర్పిడి నాడు గాని బయటపడదు.

జీవక్రమము. — ఆడునల్లి ఆకు అడుగున 30 మొదలు 100 వరకు గుడ్లను వరుసలుగా అంటించి పెట్టును. గుడ్లు చిన్న పీపాలవలె నుండి, లేత పసుపు వన్నె గలిగి, పొదుగుటకు ముందు ఎర్రబారును. ఉష్ణకాలమున సుమారు వారము లోపల పిల్లలు వెలువడును. ఇవి కొన్ని దినములు ఏమియు తినక గుడ్ల పెంకులపైననే గుమిగూడి యుండును. తరువాత నల్లనై, మేతకు దిగి, క్రమముగా చెదరును. పెరిగినకొలది పచ్చని మేనిపై తెల్లని, ఎర్రని చుక్కలేర్పడును. తల్లిని పోలనందున వీనిని వేరు పురుగులని భ్రమపడరాదు. ఐదుమారులు కుబుసము విడిచి, గూడు కట్టకయే రెక్కల నల్లి యగును. వెచ్చని దినములలో గుడ్డు మొదలు ఇంతవరకు సుమారు ఐదు వారములు పట్టును.

చేయవలసిన పని. — పూత మొదలు కాయ ముదురువరకు వారమునకు రెండుమారులు ఆకుల అడుగు చూడవలెను. గుడ్లుగాని, గుమిగూడిన పిల్లలుగాని యున్న ఆకును త్రుంపి గ్యాసునూనె కలిపిన నీటిలో వేయవలెను. పెద్ద నల్లులు వేకువ చలిలో మందముగా నుండును గనుక అప్పుడు మొక్కను వంచి ఆ నీళ్ల పళ్లెములోనికి దులుపవలెను.

విడిచిపెట్టవలసినవి. — నల్లబడిన గుడ్లలో సాధారణముగా మేలుచేయు మిక్కిలి చిన్న కందిరీగ పెరుగుచుండును, వానిని త్రుంపరాదు. భుజములకు వాడి ముండ్లు గలిగి, గొంగళిపురుగును ముక్కుతో పొడిచి పట్టిన గోధుమవన్నె నల్లియు మిత్రమే.

గుంపుగా నున్నప్పుడు ఒక్క ఆకుతో నూరు నల్లులు పోవును. చెదరిన పిదప ఒక్కొక్కదానిని వెదకవలసివచ్చును.