కథలను మోసిన ఊహా యంత్రం

కంప్యూటర్ ప్రోగ్రాముల ఆయుష్షు సాధారణంగా అవి నడిచే యంత్రాల ఆయుష్షును మించదు. ఒక తరం కంప్యూటర్లు మూలపడగానే వాటి కోసం రాసిన ప్రోగ్రాములు కూడా వాటితోపాటే తెరమరుగవుతాయి. ఈ నియమానికి లొంగని కొద్దిపాటి ప్రోగ్రాములలో తొలితరం అడ్వెంచర్ గేమ్‌లకు ప్రత్యేక స్థానం ఉంది. 1980ల తొలినాళ్లలో, నేడు మ్యూజియాలలో తప్ప కనిపించని కంప్యూటర్ల కోసం వెలువడిన ఈ ఆటలను ఇప్పటి మొబైల్ ఫోన్లలో ఒక్క అక్షరం మార్చకుండా ఆడుకోవచ్చు. వాటి ఆకర్షణ నిలిచి ఉండటానికి కథాబలం ఎంత కారణమో, ఆ కథలను నడపడానికి 1979లో రూపొందించిన జెడ్-మెషిన్ కూడా అంతే కారణం. ఆ యంత్రాన్ని ఏ కర్మాగారమూ లోహంతో తయారు చేయలేదు. అది నియమాల రూపంలో మాత్రమే ఉన్న కంప్యూటర్.

అడ్వెంచర్ గేమ్ అంటే ఆటగాడు ఒక కల్పిత లోకంలో తిరుగుతూ, వస్తువులను సేకరిస్తూ, చిక్కుముడులను విప్పుకుంటూ ముందుకు సాగే ఆట. ఇందులో చేతివేగం కంటే ఆలోచనకే విలువ ఎక్కువ. ఈ ప్రక్రియకు ఆద్యుడు విల్ క్రౌథర్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ నిర్మాణంలో పాల్గొన్న ఈ అమెరికన్ ప్రోగ్రామర్‌కు గుహల అన్వేషణలోనూ మంచి అనుభవం ఉండేది. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల నిజమైన దారులను ఆధారంగా చేసుకుని, 1975-76 ప్రాంతంలో పీడీపీ-10 కంప్యూటర్‌పై ఫోర్ట్రాన్ భాషలో ఆయన రాసిన ఆటను 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ విస్తరించారు. బొమ్మలు లేని ఆ ఆటలో కంప్యూటర్ పరిసరాలను మాటలతో వర్ణించేది. ఆటగాడు ఒకటి రెండు ఆంగ్ల పదాల ఆజ్ఞలు టైపు చేసి ముందుకు వెళ్లేవాడు.

ఆ ఆట ఎం.ఐ.టి.కి చేరినప్పుడు అక్కడి కంప్యూటర్ విజ్ఞాన ప్రయోగశాలలో పనిచేస్తున్న టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ దానిని పూర్తి చేసి, అంతకంటే మెరుగైన ఆటను రాయడానికి పూనుకున్నారు. 1977లో మొదలైన ఆ ప్రయత్నమే ‘జోర్క్’. ఇందులో ఆటగాడు రెండు పదాలకు పరిమితం కాకుండా, ఏ వస్తువును దేనితో ఏం చేయాలో పూర్తి వాక్యంలో చెప్పగలిగేవాడు. అలా టైపు చేసిన వాక్యాన్ని క్రియగా, వస్తువులుగా విడదీసి అర్థం చేసుకునే భాగాన్ని పార్సర్ అంటారు. 1979లో ఈ బృందంలోని కొందరు సహచరులతో కలిసి ఇన్ఫోకామ్ సంస్థను స్థాపించారు. జోర్క్‌ను ఇళ్లలోని కంప్యూటర్లకు చేర్చాలన్న ఆలోచన రాగానే వారికి రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. ఆట నడవడానికి దాదాపు 1 మెగాబైట్ మెమరీ అవసరం కాగా, నాటి ఇంటి కంప్యూటర్లలో 32 కిలోబైట్లు ఉంటే గొప్ప. పైగా, అంగట్లో ఉన్న ఆపిల్, టీఆర్ఎస్-80, అటారీ వంటి యంత్రాలలో ఒకదాని ప్రోగ్రాము మరొకదానిలో నడిచేది కాదు.

ఇన్ఫోకామ్ వ్యవస్థాపకులలోని జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ ఈ రెండింటికీ ఒకే పరిష్కారం కనుగొన్నారు. ఏ నిజమైన కంప్యూటర్‌ కోసమూ కాకుండా, ఆటలకు అనువుగా తాము ఊహించిన కంప్యూటర్ కోసం ఆటను రాయాలనీ, ఆ ఊహా యంత్రంలా ప్రవర్తించే ఇంటర్‌ప్రెటర్ అనే చిన్న ప్రోగ్రామును మాత్రం ఒక్కొక్క రకం కంప్యూటర్‌కు విడిగా తయారు చేయాలనీ వారు నిర్ణయించారు. దీనివల్ల కథ ఉన్న ఫైలు అన్ని యంత్రాలకూ ఒక్కటే అయింది. కొత్త రకం కంప్యూటర్ విడుదలైతే ఒక్క ఇంటర్‌ప్రెటర్ రాస్తే చాలు, అప్పటివరకు వెలువడిన ఆటలన్నీ దానిపై నడిచేవి.

స్థలాన్ని పొదుపు చేయడంలో ఈ యంత్రం చూపిన నేర్పు నిశితంగా గమనించదగినది. మామూలుగా ఒక్కొక్క అక్షరానికి 8 బిట్లు కేటాయించే చోట జెడ్-మెషిన్ 5 బిట్లే వాడుతుంది. 5 బిట్లతో 32 సంకేతాలు ఏర్పడతాయి కనుక ఆంగ్లంలోని 26 చిన్న అక్షరాలకు, ఖాళీకి సరిపోగా మిగిలిన సంకేతాలు పెద్ద అక్షరాలకు, విరామ చిహ్నాలకు, తరచుగా వచ్చే పదాల సంక్షిప్త రూపాలకు దారి చూపుతాయి. మూడు అక్షరాలకు 15 బిట్లు, వాక్యం ముగిసిందని తెలపడానికి 1 బిట్, వెరసి 16 బిట్లలో మూడేసి అక్షరాలు ఇమిడిపోతాయి. అంతేకాక, మార్పు చెందని వర్ణనలను ఫ్లాపీ డిస్కులోనే ఉంచి, అవసరమైన ముక్కను అవసరమైన క్షణంలో మెమరీలోకి తెచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది. ఇంత చేసినా జోర్క్ ఒక్క డిస్కులో పట్టకపోవడంతో దానిని మూడు భాగాలు చేసి, 1980 నుంచి 1982 వరకు వరుసగా విడుదల చేశారు.

ఆటగాడిని కట్టిపడేసే గుణం కూడా ఈ యంత్ర నిర్మాణంలోనే ఉంది. జెడ్-మెషిన్ దృష్టిలో గది, దీపం, మనిషి అన్నీ వస్తువులే. ప్రతి వస్తువూ తాను దేనిలో ఉన్నదో, తన పక్కన ఏమున్నదో, తనలో ఏమున్నదో మూడు సంఖ్యల రూపంలో గుర్తుంచుకుంటుంది. జోర్క్ ప్రారంభంలో తెల్లని ఇంటి ముందు ఒక తపాలా పెట్టె, అందులో ఒక కరపత్రం ఉంటాయి. ఆటగాడు పెట్టె తెరిచి కరపత్రాన్ని తీసుకున్నప్పుడు, ఆ కరపత్రం పెట్టె సంతానంగా ఉండటం మాని ఆటగాడి సంతానమవుతుంది. దానిని ఎక్కడో దూరాన నేల మీద వదిలేస్తే, ఎంతసేపటికి తిరిగివచ్చినా అక్కడే ఉంటుంది. రచయిత ముందుగా వర్ణించి పెట్టని కలయికలకు కూడా ఈ అమరిక చోటిస్తుంది కనుకనే, ఆ లోకం తన మాట విని బదులిస్తున్నదన్న నమ్మకం ఆటగాడిలో కలుగుతుంది.

ఇదే పునాదిపై ఇన్ఫోకామ్ ‘ప్లానెట్‌ఫాల్’, ‘ట్రినిటీ’, రచయిత డగ్లస్ ఆడమ్స్ భాగస్వామ్యంతో రూపొందిన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ వంటి ఆటలను వెలువరించింది. కానీ వ్యాపార అవసరాల కోసం 1985లో తెచ్చిన ‘కార్నర్‌స్టోన్’ అనే డేటాబేస్ ప్రోగ్రాము మార్కెట్‌లో నిలవలేదు. దానినీ ఊహా యంత్రం పద్ధతిలోనే నిర్మించారు. అయితే అప్పటికి కార్యాలయాలలో ఐ.బి.ఎం. పీసీ ఒక్కటే ప్రామాణికంగా స్థిరపడుతుండటంతో అన్ని యంత్రాలపై నడవగలగడం వల్ల ఒరిగిందేమీ లేకపోగా, వేగం మందగించడం మాత్రం మిగిలింది. 1986లో ఇన్ఫోకామ్‌ను యాక్టివిజన్ కొనుగోలు చేసింది. 1989లో దాని కార్యాలయం మూతపడింది.

సంస్థ పోయినా యంత్రం పోలేదు. నియమావళి ఎక్కడా ప్రచురితం కాకపోయినా, ఔత్సాహికులు ఆట ఫైళ్లను బైటు బైటుగా పరిశీలించి ఆ నియమాలను రాబట్టి, సొంతంగా ఇంటర్‌ప్రెటర్లు రాశారు. బ్రిటన్‌కు చెందిన గణితవేత్త గ్రాహం నెల్సన్ 1993లో జెడ్-మెషిన్ కోసం కొత్త ఆటలు రాయడానికి ‘ఇన్ఫార్మ్’ అనే భాషను, దానితో రాసిన ‘కర్సెస్’ అనే ఆటను విడుదల చేశారు. ఇలాంటి ఆటల కోసం 1995లో ఆరంభమైన వార్షిక పోటీ ఈ ప్రక్రియకు కొత్త రచయితలను సంపాదించి పెట్టింది. బొమ్మలతో నడిచే ఆటల చరిత్ర కూడా ఇదే దారి పట్టింది: 1987లో లూకస్‌ఫిల్మ్ గేమ్స్ ‘మేనియాక్ మాన్షన్’ కోసం తయారు చేసిన స్కమ్ అనే ఊహా యంత్రాన్ని 2001లో మొదలైన స్కమ్‌వీఎం ప్రాజెక్టు ఆధునిక కంప్యూటర్లపై తిరిగి సృష్టించింది. యాక్టివిజన్‌ను సొంతం చేసుకున్న మైక్రోసాఫ్ట్ 2025లో జోర్క్ మూడు భాగాల సోర్స్ కోడ్‌ను అందరూ వాడుకోగల లైసెన్సుతో విడుదల చేసింది.

పాత అడ్వెంచర్ గేమ్‌లపై మక్కువను గతం మీది మమకారంగా మాత్రమే భావిస్తే, ఆ ఆటలు వెలువడిన తర్వాత పుట్టినవారు కూడా వాటిని ఇష్టపడటానికి కారణం దొరకదు. ఆటగాడిని తొందరపెట్టకుండా ఆలోచించుకోనిచ్చే తీరు, దృశ్యాన్ని అతని ఊహకు వదిలే వర్ణన, ఒకసారి ఏర్పరచిన నియమాలను చివరివరకు పాటించే లోకం — ఇవి ఏ కాలానికైనా పాతబడే గుణాలు కావు. కానీ ఆడటానికి వీలులేని ఆటకు ఎన్ని గుణాలున్నా అవి ఎవరి అనుభవంలోకీ రావు. పుస్తకం చిరకాలం నిలవడానికి అక్షరాలు తెలిసిన పాఠకుడు ఉంటే చాలు. కంప్యూటర్‌లో పుట్టిన కృతికి మాత్రం దానిని నడపగల యంత్రం కూడా ఎల్లకాలం అందుబాటులో ఉండాలి. 32 కిలోబైట్ల ఇరుకులో నుంచి బయటపడటానికి ఇద్దరు ఇంజనీర్లు వెతుక్కున్న ఉపాయం ఆ అవసరాన్ని తీర్చిందనీ, నేడు రూపొందుతున్న డిజిటల్ కృతులను రేపటి తరాలకు అందించదలచినవారు ముందుగా నేర్వవలసిన పాఠం అందులోనే ఉందనీ జెడ్-మెషిన్ చరిత్ర నిరూపిస్తున్నది.