మల్లెలతీర్థానికి వేకువ ప్రయాణం
హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణానికి సాగే శ్రీశైలం రహదారి కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు వద్ద నల్లమల అడవిలోకి ప్రవేశిస్తుంది. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రివేళ వన్యప్రాణులు నిర్భయంగా తిరగాలన్న ఉద్దేశంతో ఇక్కడి తనిఖీ కేంద్రం రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఆపుతుంది కనుక, నగరంలో ఎంత వేకువనే బయలుదేరినా గేటు తెరిచాకే ముందుకు సాగాలి. అడవి మేలు కోరేవారెవరూ ఈ నిరీక్షణను భారమనుకోరు.

వటవర్లపల్లి దగ్గర పక్కదారి పట్టి, చెట్ల నీడలో సుమారు 350 మెట్లు దిగితే మల్లెలతీర్థం జలపాతం ఎదురవుతుంది. హైదరాబాద్ గుట్టలు గ్రానైటువి, అంటే భూగర్భంలోని శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడినవి. అమ్రాబాద్ పీఠభూమిలో మాత్రం ప్రాచీన ఇసుక మేటలు బిగిసి రాయిగా మారిన క్వార్ట్‌జైట్ పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండటంతో, వాగు వాటి అంచుకు చేరి, నాచు పట్టిన బండల మీదుగా సన్నని పాయలుగా జారి మడుగులో పడుతుంది. ఆ నీరు చివరకు కృష్ణలో కలుస్తుంది. వేసవిలో ధార చిక్కిపోతుంది కాబట్టి వానాకాలం ముగిసిన తరువాతి నెలలే అనువైనవి. తిరిగి మెట్లెక్కడమే కష్టం గనుక ఎండ ముదరకముందే పైకి చేరుకోవడం మంచిది.