గ్రానైట్ గట్టుకు ఏమీ కాదా?

"గ్రానైట్ కదా వదినా, దానికేమవుతుంది?" ఏ గృహప్రవేశానికి వెళ్ళినా వంటింట్లో ఈ మాట వినకుండా రాను. ఆ ధైర్యంతోనే నూనె గిన్నెలు రాత్రంతా గట్టు మీద వదిలేస్తారు, పొయ్యి మీంచి దించిన కుక్కర్ని నేరుగా పెట్టేస్తారు.

రాయి గట్టిదే. కానీ దానికీ కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. లేత రంగు రాళ్ళయితే నూనె, పసుపు మరకలు తొందరగా పట్టేస్తాయి. కొనే ముందే షాపులో చిన్న ముక్క అడిగి, దానిపై నాలుగు నీటి చుక్కలు వేసి 15 నిమిషాలు ఆగండి. తుడిచాక ఆ చోటు ముదురుగా కనిపిస్తే రాయి నీళ్ళు తాగుతున్నట్టే. అయినా అదే నచ్చిందంటే సీలర్ పూయించుకోవాలి. అదీ ఒకసారి పూస్తే జన్మంతా ఉండదు. చుక్క మళ్ళీ ఇంకడం మొదలైతే మళ్ళీ పూయించాల్సిందే. నల్ల రాళ్ళకు చాలావరకు ఆ అవసరం రాదు.

నల్ల రాయంటే గుర్తొచ్చింది. మన ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే గెలాక్సీ, అదే ఆ బంగారు చుక్కల రాయి, శాస్త్రజ్ఞుల లెక్కలో గ్రానైటే కాదు, గాబ్రో జాతిది. గట్టిగా ఉండి మెరుగెక్కే రాళ్ళన్నిటినీ వ్యాపారులు గ్రానైట్ అనే అంటారు. దానివల్ల మనకొచ్చే నష్టమేం లేదు. బూడిదరంగు రాయికి రంగు పట్టించి నల్లదని అమ్మితేనే నష్టం. తెల్ల గుడ్డపై అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ వేసి రుద్దండి. గుడ్డకు నలుపు అంటిందా, ఆ రాయిని అక్కడే వదిలేయండి.

నిమ్మరసం, చింతపండు పులుసు పడితే గ్రానైట్ పాడవుతుందని భయపడేవాళ్ళూ ఉన్నారు. ఆ భయం మార్బుల్‌కీ, కడప బండకీ సరిపోతుంది. వాటిల్లో ఉండేది సున్నం, పులుపు తగిలితే మెరుపు పోతుంది. గ్రానైట్‌కి ఆ బాధ తక్కువ. అలాగని బాత్రూం యాసిడ్‌తో కడగమని కాదు సుమా! గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు చాలు.

వేడికి కాలదన్నది నిజమే. కానీ ఒక్కచోటే ఒక్కసారిగా వేడి తగిలితే పగులు రావచ్చు. ముఖ్యంగా సింకు కోసం కోసిన చోట మిగిలే సన్నటి పట్టీ దగ్గర. కొబ్బరికాయ కొట్టేది కూడా అక్కడేనాయె! గట్టు మీదే కూరలు తరిగితే మాత్రం రాయికేం కాదు, కత్తే మొద్దుబారుతుంది.

నన్నడిగితే అసలు భయపడాల్సింది నేల గురించి. అద్దంలా మెరిసే రాయి తడిస్తే జారుతుంది. ఇంట్లో అత్తగారో, అమ్మో ఉంటే తుంటి ఎముక విరగడానికి ఒక్క క్షణం చాలు. స్నానాలగదికి మెరుగు పెట్టని గరుకు రాయే అడగండి. మెట్ల అంచున గాట్లు కొట్టించమని మేస్త్రీకి చెప్పండి. బిగించక ముందైతే ఆ పని సులువు.