తెరమీది యుద్ధములు



భారతయుద్ధమున నిలిచిన సేన పదునెనిమిది అక్షౌహిణులు. ఒక్క అక్షౌహిణికి 21,870 రథములు, అన్నియే ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 మంది కాల్బలము అని పెద్దలు చెప్పిన లెక్క. పదునెనిమిది దినములలో ఈ సేన యంతయు నేలగూలినది. అయినను ద్రోణపర్వము చదువునపుడు మన గొంతు పట్టివేయువాడు ఒక్క అభిమన్యుడు. వాని తల్లిని మన మెఱుగుదుము. గర్భవతియైన భార్యను ఎఱుగుదుము. పద్మవ్యూహము చొచ్చుటయే గాని వెలువడుట తనకు తెలియదని వాడు ముందుగనే ధర్మరాజుతో చెప్పియున్నాడు. వెంట వచ్చెదమన్న పెద్దలను సైంధవుడు వాకిటనే యాపినాడు. ఇంత తెలిసిన పిమ్మట వానిపై పడు బాణము వానిపై మాత్రమే పడునా? అదే దినమున చచ్చిన తక్కిన వేలమంది మనకు కేవలము సంఖ్య.

నేడు నేను మాటలాడ బూనినది పోరాటములు, హత్యలు నిండిన చలనచిత్రములను గూర్చి. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దమంజరియు, భారతమును చెప్పి విరమించిన వానికి ఈ గొడవ యేల యని కొందఱు నవ్వవచ్చును. నవ్వనిండు. మొన్నటి దసరా సెలవులలో మా మనుమడు ఒక చిత్రమును రెండుమారులు చూచి వచ్చెను. అందులో ఎందఱు చచ్చిరిరా యని యడిగితిని. అఱువదిమంది యుందురని ఉత్సాహముతో చెప్పెను. వారిలో ఒక్కని పేరు చెప్పుమంటిని. నాయకుని పేరు తప్ప వానికి మఱియొక పేరు తోచలేదు. బాలుడు మంచివాడే, కుక్కపిల్ల కుంటిన కన్నీరు పెట్టువాడు. అట్టివాడు అఱువది చావులు చూచియు అన్నము తినునప్పుడు వానిని తలపోయకుండుట నన్ను కలవరపెట్టినది.

ఇట్టి చిత్రములనే నిషేధింపవలెనని నా మిత్రులు కొందఱందురు. నేను వారితో ఏకీభవింపను. అట్లయినచో భీష్మపర్వము మొదలు సౌప్తికపర్వము వఱకు భారతమును మూట కట్టి అటకమీద పెట్టవలసివచ్చును. వీరరౌద్రములు రసములే. వీరమునకు ఉత్సాహము స్థాయి, రౌద్రమునకు క్రోధము స్థాయి. అయితే స్థాయి ఊరక రసము కాదు. దానికి ఆలంబనము కావలెను. అనగా ఎవనియందు, ఎవనికొఱకు ఆ క్రోధము పుట్టినదో ఆ మనిషి కావలెను. ఉద్దీపనము కావలెను. సంచారులు వచ్చి పోవలెను: శంక, దైన్యము, చింత, స్మృతి. ఇవి లేక కత్తి మాత్రమే యున్నచో అది కంసాలి కొట్టులోని చప్పుడు వంటిది. చెవికి తగులును, అంతే.

మన ప్రాచీనులు ఈ విషయమున ఎంత జాగరూకులో చూడుడు. యుద్ధము, మరణము మొదలగు వానిని అంకమునందు ప్రత్యక్షముగ చూపరాదని నాట్యశాస్త్రము. 1912 మొదలు తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు ప్రకటించిన భాసనాటకములలో ఊరుభంగ మొకటి. అందు భీమదుర్యోధనుల గదాయుద్ధము మనకు కనబడదు. ముగ్గురు భటులు నిలిచి దానిని వర్ణింతురు. మనకు కనబడునది తొడలు విఱిగి ప్రాకుచు వచ్చిన దుర్యోధనుడు, వాని యెదుటికి వచ్చిన చిన్నకొడుకు దుర్జయుడు. ఆ బిడ్డ యెప్పటివలె తండ్రి తొడమీద కూర్చుండబోవును. తండ్రి వలదనును. భీముని గద యెంత గట్టిగా తగిలినదో ఆ క్షణమున మనకు తెలియును, అంతవఱకు తెలియదు. పైగా ఆ తొడ విఱిగినవాడు ఇతరులలో కాడు, దుర్యోధనుడు! వానికై మనచే జాలిపడజేసినాడు భాసుడు. (ఆ నాటకమున దుర్యోధనుడు రంగముమీదనే మరణించును. శాస్త్రము చూపవలదన్నదానిని కవి కొంత చూపి, కొంత దాచినాడు. ఏది దాచవలెనో వానికి తెలియును.)

ఈ విద్యను తెరమీద సంపూర్ణముగ చూపిన చిత్రము జపానుదేశమున 1954లో వెలువడినది. దర్శకుడు అకిరా కురొసావా. పేరు ‘ఏడుగురు సమురాయిలు’. సమురాయి యనగా ఆ దేశపు కత్తిపట్టు వంశములవాడు. పంట చేతికి రాగానే దోచుకొన వచ్చు నలుబదిమంది గుఱ్ఱపు దొంగలనుండి ఒక కుగ్రామమును కాపాడుటకు, అన్నము మాత్రమే కూలిగా పుచ్చుకొని, ఏడుగురు ఆయుధజీవులు ఒప్పుకొందురు. చిత్రము నిడివి మూడున్నర గంటలకు కొంచెము తక్కువ. సగముకాలము గడచినను దొంగలదండు గ్రామముమీద పడదు! ఈ కాలపు ప్రేక్షకుడు లేచిపోవునని మన నిర్మాతలు భయపడుదురు. అంతసేపు కురొసావా యేమి చేసినాడు? మనుష్యులను కూర్చినాడు.

పెద్దవాడు కాంబే. ఒక దొంగ పసిబిడ్డను పట్టుకొని కొట్టములో దాగియుండగా, కాంబే జుట్టు గొఱిగించుకొని సన్న్యాసివేషమున అన్నపుముద్దలు చేతబట్టి లోనికి పోవును. లోపలి పెనగులాట మనకు చూపడు. దొంగ వెలుపలికి పరుగెత్తివచ్చి, మెల్లగా, మిక్కిలి మెల్లగా నేలకొఱగును. స్లోమోషను అని నేడు పిలుచు ప్రక్రియ యిదియే. నేటి చిత్రములలో దీనిని నాయకుని తలవెండ్రుకలు ఎగురుట చూపుటకు వాడుచున్నారు. అదియొక ముచ్చట, కానిండు. కురొసావా దానిని వాడినది ఒక ప్రాణము పోవుటకు ఎంత కాలము పట్టునో చూపుటకు.

క్యూజో అనువాడు ఖడ్గవిద్యలో పారమెఱిగినవాడు. మాట తక్కువ, గర్వము లేదు. కికుచియో సమురాయి నని చెప్పుకొనుచు తిరుగు రైతుబిడ్డ, త్రాగుబోతు, వాగుడుకాయ. హెయిహాచీ కట్టెలు కొట్టుచు నవ్వించువాడు; అతడు గ్రామమునకు ఒక జెండా కుట్టును. అందు ఆరు సున్నలు ఆర్గురు వీరులకు. ఒక త్రికోణము కికుచియోకు. తక్కినవారితో కలిసియు కలియనివాడని పరిహాసము. తరువాత దొంగల స్థావరముమీద పడినపుడు, పట్టుబడిన తన భార్యను చూచి మంటలలోనికి పరుగెత్తబోవు రికిచీ యను రైతును ఆపబోయి హెయిహాచీ తుపాకిదెబ్బకు కూలును. నవ్వించువాడు మొదట పోయినాడు. అందఱు సమాధికడ నిశ్చేష్టులై యుండగా, ఎవరిని పరిహసించి త్రికోణము కుట్టినాడో ఆ కికుచియోయే పోయి ఆ జెండాను ఇంటికప్పుమీద నాటును. గుడ్డముక్క యొకటి, దానిమీద ఏడు గుర్తులు. ఇంతకంటె చిత్రములో వేఱు ప్రసంగము లేదు. నా మనస్సున నాటుకొన్నది మాత్రము అదియే.

మఱియొక ఘట్టము. మంటలంటుకొన్న మర యొద్ద ఈటెపోటు తిన్న తల్లి తన బిడ్డను కికుచియో చేతికిచ్చి చనిపోవును. వాడు ఆ బిడ్డను పట్టుకొని నీళ్ళలోనే కూలబడి, తానును ఇట్టివాడనే యని విలపించును. అంతవఱకు మనము నవ్వుచు చూచిన వెఱ్ఱివాడెవడో అప్పుడు తెలియును. ఇక నా కత్తి యెందులకు లేచునో మనము వేఱుగా అడుగనక్కఱలేదు.

శత్రువుల విషయమున కురొసావా పొదుపరి. దొంగలకు పెక్కురకు పేరైనను లేదు. ఇది కొఱత యని కొందఱందురు. నేనట్లు తలపను, కాని ఒకచోట ఆయన మనలను నిద్రపోనీయడు. గ్రామస్థులకు చిక్కిన యొక దొంగ చేతులు కట్టుబడి ప్రాణభిక్ష వేడుచుండును. సమురాయిలు వానిని చంపరాదందురు. అంతలో దొంగలవలన కొడుకును పోగొట్టుకొన్న పండుముసలి గునపమువంటి పనిముట్టు చేతబట్టి తడబడు అడుగులతో వచ్చును. అందఱును తొలగి దారి యిత్తురు. వేటు కనబడదు. ఎవరికొఱకు జాలిపడవలెనో తెలియక మనము కూర్చుండియుందుము. రౌద్రములోనుండియే కరుణము పుట్టునని భరతముని చెప్పినమాటకు ఇంతకంటె నిదర్శనము నేను తెరమీద చూచియుండలేదు.

ఆ యేడుగురిలో నలుగురు చనిపోవుదురు. నలుగురును తుపాకిగుండ్లకే. కత్తితో క్యూజోను గెలువగలవాడు లోకములో లేడని మనకు నమ్మకము కలిగించి, దాగియున్న దొంగలనాయకుని గుండొక్కటితో వానను, బురదను తడిసిన నేలమీద వానిని పడవేసినాడు. అతని విద్య వ్యర్థమైనదని యెవరును చెప్పరు. కత్తి బురదలో పడియుండును.

మనదేశమున ఇట్టి నేర్పు లేదనుకొనవలదు. 1975 ఆగష్టు 15న విడుదలయిన ‘షోలే’ హిందీచిత్రము తెలుగుదేశమునను ఊరూర ఆడినది. దర్శకుడు రమేశ్ సిప్పీ, రచన సలీం జావేదులది. దానిని తుపాకుల చిత్రమనియే తలంతురు గాని, అందలి ఘోరములలో పెక్కు మనకు కనబడవు. ఠాకూరు మనుమని యెదుట గబ్బర్‌సింగు తుపాకి యెత్తును, పేలుడు వినబడును, తెరమీద రైలుబండి వచ్చును. ఠాకూరు చేతులు నఱకుటకు కత్తులు లేచును. ఆ వెంటనే వర్తమానకాలమున జారిన శాలువయు, చేతులు లేని భుజములును కనబడును. చిత్రమున అంతవఱకు ఆయన శాలువ యేల తీయడో, తుపాకి యందీయవలసినపుడు ఏల కదలడో ఒక్కసారిగా అర్థమగును. గుడ్డివాడైన ఇమాము కొడుకు చావునకు ముందు గబ్బరు తన చేతిమీద ప్రాకు చీమను నలిపివేయును. తరువాత గుఱ్ఱము శవమును మోసికొని వచ్చును. ఊరంతయు మూగయైనదేమని ఆ ముసలి గుడ్డివాడు అడుగును. చీమ, మౌనము: ఈ రెంటికిని నెత్తురుచుక్క యక్కఱలేదు.

ఆ చిత్రపు చివఱిభాగమును గూర్చి మాత్రము నాకొక అసంతృప్తి. మొదట తీసినప్పుడు ఠాకూరు మేకులు దిగ్గొట్టిన పాదరక్షలతో గబ్బరును త్రొక్కి చంపును. చంపి విజయగర్వము చూపక, ఏడ్చును. సెన్సారువారు దీని కొప్పుకొనలేదు. అది అత్యయికస్థితి నెలకొన్న సంవత్సరము. ఒక పోలీసు అధికారి సమయమునకు వచ్చి గబ్బరును పట్టుకొనిపోవునట్లు మార్చి విడుదల చేసిరి. న్యాయము చట్టము చేతిలో నుండవలెననుట ఒప్పుకొనదగినదే. కాని ఆ అధికారి యెవడు? కథలో వానికి పూర్వరంగము లేదు. వానిని మన మెఱుగము. వాడు ఎవరిని పోగొట్టుకొన్నవాడును కాడు. హత్య తప్పినది, నిజమే. దానితోపాటు ఆ యేడ్పును తప్పినది. చేతులులేని యా ముసలివాడు శత్రువును చంపిన పిమ్మట కన్నీరు తుడుచుకొనుటకైనను తన చేయి లేక నిలువబడియుండుట ఆనాటి ప్రేక్షకులు చూడనేలేదు.