ముందు నేర్పండి... ఆ తరవాతే మందలించండి!

బుచ్చిరెడ్డిపాలెంలో ముంబయి రోడ్డు పక్కనే ఉన్న ఓ ఇంటిని ఊహించుకోండి. పిల్లలు ముచ్చటపడ్డారని తెచ్చిన మూడు నెలల కుక్కపిల్ల జిమ్మీ. ఓ సాయంత్రం ఎవరో గేటు వేయడం మర్చిపోయారు. అంతే, జిమ్మీ తుర్రుమంది. రోడ్డుమీద చూస్తే నెల్లూరు బస్సులు, ధాన్యం లారీలు. 'జిమ్మీ... రా, రా!' ఇంటిల్లిపాదీ ఒకటే కేకలు. అదేమో ఇదేదో కొత్త ఆట అనుకుని ఇంకాస్త దూరం పరిగెత్తింది. ఐదు నిమిషాలపాటు అందర్నీ ముప్పుతిప్పలు పెట్టి, చివరికి తనంతట తానే తోకూపుకుంటూ వచ్చింది.

'పిలిస్తే రావా? ఇంకోసారి పోతావా?' అంటూ నాన్న దాని వీపుమీద నాలుగంటించాడు.

బుద్ధి చెప్పాననుకున్నాడాయన. జిమ్మీ కూడా పాఠం నేర్చుకుంది. కాకపోతే ఆయన చెప్పాలనుకున్న పాఠం కాదది. 'రమ్మన్నప్పుడు దగ్గరికెళ్తే దెబ్బలు పడతాయి' అన్న పాఠం. మరి, ఈసారి గేటు తెరిచి ఉంటే?

ఏ ఒక్క ఇంటి కథో కాదిది. కుక్కపిల్లను పెంచే చాలా ఇళ్లలో జరిగేదే. 'మొక్కై వంగనిది మానై వంగునా' అంటూ తెచ్చిన రోజునుంచే గదమడం మొదలుపెడతారు. సామెత నిజమే. కానీ మొక్కను వంచడానికీ విరవడానికీ తేడా ఉంది. ఆ తేడా తెలియాలంటే మందలింపు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియాలి.

తెలియనిదానికి తిట్లెందుకు?

శిక్షణలో మొదటి సూత్రం చాలా చిన్నది... కుక్కకు వచ్చిన పని విషయంలోనే దాన్ని తప్పుపట్టాలి. రాని పనికి నేర్పాలి తప్ప తిట్టకూడదు. ఒకటో తరగతి పిల్లాడికి ఎక్కాలు చెప్పకుండానే లెక్క తప్పు చేశావని కొడితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. హాల్లో 'కూర్చో' అనగానే కూర్చుంటుంది కాబట్టి వచ్చేసిందనుకుంటారు. అదే పిల్ల కోదండరామస్వామి గుడి వీధిలో, తిరునాళ్ల జనం మధ్య ఆ మాట వినకపోతే 'పొగరు' అంటారు. పొగరు కాదది. ఒకచోట నేర్చిన మాట మరోచోట దానికి కొత్త పాఠమే. ఇంట్లో, పెరట్లో, వీధిలో, కొత్తవాళ్ల ముందు... ఎక్కడ చెప్పినా పదిసార్లలో ఎనిమిదిసార్లు చేస్తుంటే అప్పుడు వచ్చినట్టు లెక్క. శిక్షకుల కొండగుర్తు ఇది. మందలింపు మాట ఆ తరవాతే.

ఏ వయసుకు ఆ పాఠం

మనదేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. అంటే అది మనింటికొచ్చేసరికి కనీసం రెండు నెలలుండాలి. మూడో వారం నుంచి సుమారు పన్నెండు పద్నాలుగు వారాలదాకా కుక్కపిల్లకు లోకం పరిచయమయ్యే కాలం. మనుషులు, పిల్లలు, స్కూటర్ల మోత, మిక్సీ చప్పుడు... భయపడాల్సినవేవో అక్కర్లేనివేవో అప్పుడే తేల్చుకుంటుంది. ఆ రోజుల్లో పడిన దెబ్బ తాలూకు భయం పెద్దయ్యాక కూడా ఓ పట్టాన వదలదు. కాబట్టి ఆ వయసులో దండన మాటే వద్దు. టీకాలు పూర్తయ్యేదాకా ఎత్తుకునైనా సరే వీధి చూపించండి. మంచిపని చేసిన ప్రతిసారీ తాయిలం పెట్టండి.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్ల దురదకు చెప్పులు, సోఫాలు కొరుకుతుంది. కసిరితే దురద పోదుగా! చెప్పులు పైన పెట్టి, నమలడానికి దాని వస్తువు దానికివ్వడమే మందు.

అసలు పరీక్ష ఎనిమిదో నెల దగ్గర. కుక్కలకూ 'టీనేజీ' ఉంటుందని బ్రిటన్ పరిశోధకులు 2020లో తేల్చారు. ఐదు నెలల వయసులో బుద్ధిగా కూర్చున్న కుక్కలే ఎనిమిదో నెలలో యజమాని చెబితే వినలేదు. అదే మాట కొత్తవాళ్లు చెబితే మాత్రం విన్నాయి! మనింట్లో పదో తరగతి పిల్లలు గుర్తొస్తున్నారా? 'ఇక ఇది మాట వినదు' అని కర్ర తీయడానికో, ఎక్కడో వదిలేసి రావడానికో ఆలోచన వచ్చేది సరిగ్గా అప్పుడే. కొద్ది నెలలు ఓపిక పడితే ఆ దశ దాటిపోతుంది.

గడిస్తే చెల్లదు

ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో మడుగు. కుక్కపిల్లను లాక్కొచ్చి అందులో ముక్కు పెట్టి రుద్దడం చాలామందికి అలవాటు. పొగడ్తయినా మందలింపయినా పని జరిగిన ఒకటి రెండు క్షణాల్లో అందాలి. గంట తరవాత కొడితే ఎందుకు కొట్టారో దానికి తెలియదు. మీరు ఇంటికి రావడమే భయమవుతుంది.

'తప్పు చేసినట్టు దానికీ తెలుసండీ, మొహం చూడండి' అంటారా? అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కలమీద ఆ సంగతే పరీక్షించారు. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిడితే చాలు... అవి ఆ మొహమే పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదు, మీ కోపానికి జవాబు.

జాగిలాల బడిలో...

'మరి పోలీసు కుక్కలకు కొట్టే నేర్పుతారుగా' అన్న అనుమానం రావచ్చు. ఒకప్పుడు అలాగే ఉండేది. జర్మన్ పోలీసు అధికారి కోన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన శిక్షణ పుస్తకంలో బలవంతానికి పెద్దపీటే వేశాడు. ఇప్పుడు దారి మారింది. మనదేశంలో గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో 1970 నుంచి జాతీయ జాగిలాల శిక్షణ కేంద్రం ఉంది. హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్‌లోనూ పోలీసు జాగిలాలకు బడి ఉంది. అక్కడ శిక్షణ దాదాపు ఎనిమిది నెలలు.

బాంబుల జాడ తీసే కుక్క పని చేసేది చాలావరకూ ఓ బంతికోసం. వాసన పసిగట్టగానే మొరగదు, గీకదు. కదిలిస్తే పేలొచ్చు కాబట్టి బుద్ధిగా కూర్చుంటుంది. వెంటనే బంతి దొరుకుతుంది. వెతికే సమయంలో గదిమారనుకోండి... తిట్లు తప్పించుకోవడానికి ఏమీ లేనిచోట కూర్చోవచ్చు, ఉన్నచోట బెదిరి దాటిపోవచ్చు. రెండోది జరిగితే పోయేవి మనుషుల ప్రాణాలు.

అంధులకు దారిచూపే కుక్కలదీ అదే పద్ధతి. విదేశాల్లో వాటిని ఏడాది దాటేదాకా మామూలు కుటుంబాలే పెంచుతాయి. ఆ తరవాతే అసలు శిక్షణ.

మందలింపు అంటే దెబ్బ కాదు

నేర్చిన పని కావాలనే ఎగ్గొడుతోందని తేలాక కూడా చేయాల్సింది చిన్నదే. 'ఊహూ' అని మామూలు గొంతుతో ఒక్కమాట. తాయిలం వెనక్కి. ఆటలో చేయి కొరికితే ఆట అక్కడితో బంద్, అర నిమిషంపాటు మొహం తిప్పుకోవాలి. గొలుసు లాగితే అక్కడే ఆగిపోవాలి. సరిగ్గా చేయగానే మళ్లీ మెచ్చుకోవాలి.

దెబ్బలతో, గొలుసు గుంజడంతో నేర్చిన కుక్కల్లో ఒత్తిడి ఎక్కువని పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలమీద చేసిన అధ్యయనం 2020లో చెప్పింది. కరెంటు షాకిచ్చే కాలర్లను వేల్స్ 2010లోనే నిషేధించింది. మన దగ్గరా 1960 నాటి చట్టం ప్రకారం జంతువును కొట్టి హింసించడం నేరం.

ముఖ్యంగా పిల్లలున్న ఇళ్లవాళ్లు ఓ సంగతి గుర్తుంచుకోవాలి. గుర్రుమనడం కుక్క చేసే హెచ్చరిక. దానికి కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఆ తరవాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

ఆ ఒక్క మాట

మళ్లీ జిమ్మీ దగ్గరికొద్దాం. 'రా' అన్నమాటను మొదట ఇంట్లో ఆటలా నేర్పండి. ఒకరు వంటింట్లోంచి, మరొకరు వరండాలోంచి పిలవండి. వచ్చిన ప్రతిసారీ ఉడికించిన చికెన్ ముక్కో, బిస్కెట్టో పెట్టండి. తరవాత పెరట్లో, పొడవాటి తాడు కట్టి బయట. స్నానానికో, కట్టేయడానికో, తిట్టడానికో అయితే ఆ మాట వాడకండి, మీరే వెళ్లి తెచ్చుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా సరే, వచ్చినందుకు మెచ్చుకోండి. లోపల కోపం కుతకుతలాడుతున్నా సరే!

ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకరోజు గేటు మళ్లీ తెరిచే ఉంటుంది. అవతల లారీ వస్తూ ఉంటుంది. అప్పుడు దాన్ని ఆపేది కర్ర కాదు, గొలుసూ కాదు. 'రా' అన్న పిలుపు వినగానే అటు పరుగు మాని మీవైపు తిరగాలనిపించే నమ్మకం ఒక్కటే.