ఆప్టోమెట్రిస్టులకు నిరంతర శిక్షణ : ఎందుకు? ఎట్లు?

"సర్వేంద్రియాణాం నయనం ప్రధానం" అని పెద్దలు చెప్పియున్నారు. ఉర్దూలో 'నజర్' అన్నను, తెలుగులో 'చూపు' అన్నను, విద్యార్థికి అదియే మొదటి పెట్టుబడి. ఆ చూపు మందగించినప్పుడు మన ప్రజలు మొదట ఎవరి వద్దకు పోవుచున్నారో ఆలోచింతము. సీతమ్మధారలోగాని, ప్రక్కనున్న అక్కయ్యపాలెంలోగాని నివసించే ఒక గృహస్థునకు నలభై ఏండ్లు దాటి చత్వారము వచ్చినదనుకొందము. ఆయన వెంటనే పెద్దాసుపత్రికి పోడు. వీధి మలుపులోని కళ్లద్దాల దుకాణమునకు పోవును. అక్కడ శిక్షితుడైన ఆప్టోమెట్రిస్టు ఉన్నచో, ఆయన కంటిని లోతుగా చూచే మొదటి వ్యక్తి అతడే. కొన్ని సందర్భములలో చివరి వ్యక్తి కూడ అతడే. కనుక అతడు ఏనాడో నేర్చిన విద్య ఈనాడు ఎంతవరకు సజీవముగా ఉన్నదన్న ప్రశ్న ఆ వృత్తివారికి మాత్రమే సంబంధించినది కాదు, మనకందరకు సంబంధించినది.

ఈ రంగమున పనిచేసే ముగ్గురిని మొదట వేరుపరచి చూడవలసియున్నది. నేత్రవైద్యుడు వైద్యశాస్త్రమును అభ్యసించి, రోగనిర్ణయము, ఔషధచికిత్స, శస్త్రచికిత్స చేయువాడు. ఆప్టీషియన్ వ్రాసియిచ్చిన కొలతల ప్రకారము అద్దములను అరగదీసి ఫ్రేములో అమర్చువాడు. ఈ ఇరువురి నడుమ నిలిచినవాడు ఆప్టోమెట్రిస్టు. దృష్టిదోషమును కొలుచుట, తగిన అద్దములను నిర్ణయించుట, రెండు కళ్లు కలిసి పనిచేయుచున్నవో లేదో పరీక్షించుట, లోపల దాగిన వ్యాధి లక్షణములను గుర్తించి సకాలమున నేత్రవైద్యుని వద్దకు పంపుట అతని విధులు. అద్దముల నంబరు చెప్పుటతో అతని పని ముగియునని తలచుట పొరపాటు.

మన దేశమున ఈ విద్యకు పునాది పడిన చోట్లలో తెలుగునాడు ఒకటి. 1958లో అలీగఢ్‌లోని గాంధీ నేత్ర వైద్యశాలలోను, హైదరాబాదులోని సరోజినీదేవి నేత్ర వైద్యశాలలోను తొలి ఆప్టోమెట్రీ పాఠశాలలు నెలకొన్నవి. అవి రెండేండ్ల డిప్లొమాను బోధించినవి. 1985లో మద్రాసు నగరమున ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ నాలుగేండ్ల పట్టవిద్యను ప్రవేశపెట్టినది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి సారథ్యమున హైదరాబాదులో సేవలు ఆరంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ, వైద్యులతోపాటు ఆప్టోమెట్రిస్టులకు, గ్రామీణ దృష్టి కేంద్రాల సాంకేతికులకు కూడ శిక్షణ ఇచ్చుచు వచ్చినది. ఆ సంస్థ 2006లో మన విశాఖపట్నమున కూడ ప్రాంగణమును నెలకొల్పినది. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టము ఆప్టోమెట్రిస్టులను గుర్తింపబడిన వృత్తులలో చేర్చి, విద్యాప్రమాణములకును, వృత్తి పట్టికలలో నమోదుకును మార్గము చూపినది.

అయితే పట్టా చేతికి వచ్చిన దినముననే విద్య పూర్తియైనదా? కాలేదనుటకు మేము మూడు కారణములు చూపగలము.

మొదటిది : నేర్పు చేతిలో ఉన్నది, అభ్యాసము తప్పినచో చేయి మరచును. ఉదాహరణకు రెటినోస్కోపు అను పరికరమును తీసికొందము. దాని వెలుగు కంటిలోనికి పోయి తిరిగివచ్చునప్పుడు కనుపాపలో కదలే ప్రతిబింబమును చూచి, మాట చెప్పలేని పసివాని దృష్టిదోషమునైనను కొలువవచ్చును. పరీక్షకుడు 67 సెంటీమీటర్ల దూరమున కూర్చున్నచో, వచ్చిన విలువనుండి ఒకటిన్నర డయాప్టర్లు తీసివేయవలెను. 50 సెంటీమీటర్ల దూరమున కూర్చున్నచో రెండు డయాప్టర్లు తీసివేయవలెను. పని ఒత్తిడిలో తనకు తెలియకయే ముందుకు జరిగి, పాత లెక్కనే తీసివేసినచో అర డయాప్టరు తప్పు ఆ బాలుని అద్దములలో చేరును. ఈ తప్పు పుస్తకము చదివినంతమాత్రమున దొరకదు. ప్రక్కన నిలిచి చూచే అనుభవజ్ఞుని కంటికే దొరకును.

కంటి పీడనమును కొలుచుట కూడ ఇట్టిదే. గోల్డ్‌మన్ టోనోమీటరు కార్నియాపై 3.06 మిల్లీమీటర్ల వ్యాసముగల వృత్తమును చదును చేయుటకు ఎంత బలము కావలెనో కొలుచును. రోగి ఊపిరి బిగబట్టినను, మెడపట్టీ బిగుతుగా ఉన్నను, పరీక్షకుని వ్రేలు కంటిరెప్పపై ఒత్తినను, కొలత అసలుకంటె ఎక్కువగా చూపును. కార్నియా పలుచనైనచో కొలత తక్కువగా చూపి, ఉన్న ప్రమాదమును దాచును. యంత్రము సరియైనదే కావచ్చును. దానిని వినియోగించే చేయి, దాని ఫలితమును చదివే బుద్ధి నిత్యము పదును పెట్టబడవలెను.

రెండవది : శాస్త్రమే మారుచున్నది. హ్రస్వదృష్టిగల బాలలకు కావలసినదానికంటె కొంచెము తక్కువ శక్తిగల అద్దము ఇచ్చినచో దోషము మెల్లగా పెరుగునని చాలకాలము పలువురు నమ్మిరి. 2002లో ప్రచురింపబడిన మలేషియా అధ్యయనమొకటి 94 మంది బాలలను రెండేండ్లు పరిశీలించి, తక్కువ శక్తి అద్దములు ధరించినవారిలోనే దోషము ఎక్కువగా పెరిగినట్లు చూపినది. అంతకుముందు చదువు ముగించి మరల పుస్తకము తెరవని వ్యక్తి, మంచి చేయుచున్నానను విశ్వాసముతోనే బాలలకు కీడు చేయగలడు. నేడు పిల్లలు ఆరుబయట గడుపు సమయము, ప్రత్యేకముగా రూపొందించిన అద్దములు, అతి స్వల్ప మోతాదు అట్రోపిన్ చుక్కలు మొదలగు విషయములన్నియు ఈ చర్చలో చేరినవి. పాత పాఠముతో ఈ బాలలకు సలహా ఇచ్చుట సాధ్యము కాదు.

మూడవది : వ్యాధి తనంతట తాను వచ్చి తలుపు తట్టదు. 1996 నుండి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో 10,293 మందిని పరీక్షించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి అధ్యయనము, జనాభాలో నూటికి 1.84 మంది అంధత్వముతో ఉన్నట్లు తేల్చినది. అందులో శుక్లములు 44 శాతమునకు, దృష్టిదోషము 16.3 శాతమునకు కారణములు. అనగా ఆ అంధత్వములో సగముకంటె ఎక్కువ, శస్త్రచికిత్సతోనో అద్దములతోనో తొలగదగినదే. నీటికాసుల వ్యాధి మాత్రము అట్లు కాదు. దానివలన పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదానిని కాపాడుకొనుటయే మార్గము. ఆ అధ్యయనములోనే హైదరాబాదు నగరమున కనుగొన్న ఒక రకపు నీటికాసుల రోగులలో పదింట తొమ్మిదిమందికి పైగా తమకు ఆ వ్యాధి ఉన్నట్లు అంతకుముందు తెలియనేలేదు. వారిలో ఎందరు అద్దముల కొరకు ఎక్కడో ఒకచోట కూర్చొని లేచి వచ్చియుందురో ఊహింపవచ్చును. దృష్టినాడి శిరస్సును చూచి అనుమానించుట, కార్నియాకు కనుపాప తెరకు నడుమనున్న కోణము ఇరుకైనదో కాదో గుర్తించుట తెలిసినవారు ఆ కుర్చీ ఎదుట ఉన్నచో ఫలితము వేరుగా ఉండెడిది.

మన విశాఖకు ఇంకొక ప్రత్యేకత కలదు. ఇది రేవు పట్టణము, ఉక్కు నగరము. వెల్డింగు పని చేయువాడు రక్షణ అద్దము తీసి పనిచేసినచో, కొన్ని గంటల పిమ్మట రాత్రివేళ కంటిలో ఇసుక పోసినట్లు బాధపడును. ఇనుప రజను కార్నియాలో గ్రుచ్చుకొన్నచో దానిచుట్టు త్రుప్పు వలయము ఏర్పడును. వీటికంటె ప్రమాదకరమైనది మరియొకటి ఉన్నది. సుత్తిదెబ్బకు ఎగిరిన సన్నని ఇనుపముక్క కంటిలోనికి దూసుకొనిపోయి, పైన గుర్తించుటకే కష్టమైన గాయమును మాత్రము మిగుల్చవచ్చును. చూపు ఆనాటికి బాగుగనే ఉండవచ్చును. అయినను లోపలనున్న ఇనుము కాలక్రమమున కంటిని పాడుచేయును. అట్టి రోగి వచ్చినప్పుడు "సుత్తితో పని చేయుచుండగా జరిగినదా?" అని అడుగుట, కంటిని ఒత్తక వెంటనే ఆసుపత్రికి పంపుట తెలియవలెను. ఈ ఒక్క ప్రశ్న అడుగు అలవాటు శిక్షణవలననే వచ్చును.

నిపుణుని పరీక్షించి పనికి అనుమతించుట క్రొత్త ఊహ కాదు. అరబ్బు ప్రపంచమున కంటివైద్యుని 'కహ్హాల్' అనెడివారు. 12వ శతాబ్దమున అల్ షైజరీ వ్రాసిన బజారు పర్యవేక్షణ గ్రంథము, కహ్హాలులను ముహ్తసిబ్ అను అధికారి పరీక్షింపవలెనని విధించినది. ఆ పరీక్షకు ప్రమాణము 9వ శతాబ్దమున బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ రచించిన కంటివైద్య గ్రంథము. ప్రజల కన్నులు తెలియనివాని చేతిలో పడరాదను జాగ్రత్త అంత పాతది. ఆనాటి పరీక్ష వృత్తిలో ప్రవేశమునకు. నేటి అవసరము ప్రవేశించిన పిమ్మట కూడ మరల మరల తన్ను తాను పరీక్షించుకొనుట.

ఇతర దేశములు దీనిని నియమముగా చేసికొన్నవి. బ్రిటనులో 2022 జనవరినుండి అమలులోనున్న పద్ధతి ప్రకారము, ఆప్టోమెట్రిస్టు మూడేండ్లలో 36 పాయింట్ల శిక్షణ పొందవలెను. లేనిచో వృత్తి పట్టికలో అతని పేరు నిలుచుట కష్టము. అయితే పాయింట్లు పోగుచేయుటయే లక్ష్యమైనచో శిక్షణ తంతుగా మారును. సభామందిరమున కూర్చొని ఉపన్యాసము విని, సాయంకాలమునకు ధ్రువపత్రముతో ఇంటికి పోవుట నేర్పు కాదు.

మా అభిప్రాయమున సరియైన శిక్షణకు నాలుగు మెట్లు ఉండవలెను. మొదట అనుభవజ్ఞుడు చేయుచుండగా చూచుట. పిదప అతని ఎదుట తానే చేయుట. ఆపై ఒకే రోగిని ఇరువురు వేరువేరుగా పరీక్షించి ఫలితములను సరిపోల్చుట. చివరగా తాను ఆసుపత్రికి పంపిన రోగులకు అక్కడ ఏమి తేలినదో తెలిసికొనుట. ఈ నాలుగవదే అన్నిటికంటె విలువైనది, అన్నిటికంటె తక్కువగా జరుగునది. రోగిని పంపినవాడు ఫలితము తెలియక, తన అనుమానము నిజమో కాదో ఎన్నటికిని నేర్వలేడు. నేత్రవైద్యుడు రెండు పంక్తుల జవాబు వ్రాసి పంపినచో, అది ఒక ఉపన్యాసముకంటె ఎక్కువ బోధించును.

శిక్షణలో భాషకు కూడ స్థానము ఉండవలెను. "చుక్కలు మానవద్దు" అను మాట రోగికి అర్థము కాకపోయినచో ఖరీదైన పరీక్షయంతయు వ్యర్థము. తెలుగు, ఉర్దూ రెండును తెలిసిన మన విద్యార్థులు ఇట్టి సూచనలను సులభమైన మాటలలో రెండు భాషలలో సిద్ధపరచి ఇచ్చినచో, అది చిన్న సేవ కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటియున్నది. సంవత్సరమునకు ఒకసారి నేత్ర పరీక్షా శిబిరమును ఏర్పాటు చేసి, అర్హులైన ఆప్టోమెట్రిస్టులను ఆహ్వానింపవలెనని, ఆ దినముననే విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఈ వృత్తినిగూర్చి వారిచేత చెప్పింపవలెనని కోరుచున్నాము. 2019 అక్టోబరులో రాష్ట్రమున కంటివెలుగు కార్యక్రమము పాఠశాల విద్యార్థులతోనే మొదలైనది. ఆ వయస్సులో దొరికిన దోషము సులభముగా దిద్దబడునన్నదే దాని తాత్పర్యము.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది ఇంకొకటి కలదు. మీరు ఏ వృత్తిని స్వీకరించినను, పరీక్ష ఉత్తీర్ణులైన దినమును విద్యకు ముగింపుగా లెక్కింపకుడు. ఆప్టోమెట్రిస్టు వృత్తి ఈ సత్యమును స్పష్టముగా చూపుచున్నది. ఏలనన అక్కడ మరచిన పాఠమునకు మూల్యము చెల్లించునది మరచినవాడు కాదు, అతని ఎదుట నమ్మికతో కూర్చున్నవాడు.